ఆదివారం దారి

కెజియా ఆల్డర్సన్ మా హార్‌బెక్ ఊళ్ళో ముప్పై ఒక్క సంవత్సరాలు ఉత్తరాలు పంచింది. రేన్ నదికి అటూ ఇటూ, కొండ వాలులో విసిరేసినట్టున్న గొర్రెల కాపరుల ఇళ్ళకు రోజూ పదకొండు మైళ్ళు నడిచేది. వాన పడనీ, మోకాలి లోతు మంచు పడనీ, సంచి ఆగేది కాదు. మనిషి పొట్టి. గొంతు మాత్రం అవతలి గట్టుకు వినపడేది. కుక్కలు ఆమెను చూస్తే పక్కకు తప్పుకునేవి. కుక్కలకు బుద్ధి ఎక్కువని ఊళ్ళో అనుకునేవారు.

పంతొమ్మిది వందల యాభైలో ఆమె సంచి అప్పగించేసింది. ఆ తర్వాత రెండేళ్ళకు ఏటి పక్క భూములన్నీ సర్ హ్యూగో బ్రాంట్ అనే కొత్త దొర కొన్నాడు. ఊరి సగం ఇళ్ళూ, పొలాలూ ఆయన ఆస్తిలోనివే, మేం అద్దెకున్నవాళ్ళం. కొన్న నెలలోనే ఏటి దారికి గేటు పెట్టించి తాళం వేయించాడు. దాని మీద ఎర్ర అక్షరాల బోర్డు: ఇది సొంత దారి, దాటితే కేసు.

ఆ దారి పొద్దున్నే బడికి వచ్చే పిల్లలది, పైఊరి ప్రార్థనా మందిరానికి వెళ్ళే ఆడవాళ్ళది. శనివారాల్లో బ్రాడ్‌ఫర్డ్ నుంచి బస్సులో దిగి, వీపున సంచులతో కొండలెక్కే ఉన్ని మిల్లు అమ్మాయిలది కూడా. తాళం పడ్డాక అందరూ తారు రోడ్డు మీద మూడు మైళ్ళు చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు. కెజియా మాత్రం మొదటి రోజే స్కర్టు ఎగగట్టి గోడ ఎక్కింది.

దొర వేటభూముల కాపలాదారు సైలస్ కోట్స్ పరుగున వచ్చాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళు.

"దిగవే కెజియా! దొరగారి హుకుం."

"హుకుం నీకు సైలస్, జీతం తీసుకుంటున్నావు గనక. నాకెందుకు?"

"అవతల ఆబోతును వదిలారే బాబూ, పొడుస్తుంది!"

"దాని తల్లిని నేనెరుగుదును. దీన్నీ చూస్తాలే."

అటువైపు దూకి, ఆబోతు ముక్కు మీద గొడుగుతో ఒకటి తగిలించి, నడుచుకుంటూ పోయింది. ఆ శనివారం గోడ దగ్గర బిక్కమొహాలతో నిలబడ్డ మిల్లు అమ్మాయిలు ఆరుగురిని కూడా ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దాటించింది.

అప్పుడే ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ప్రతి ఊరూ తన కాలిబాటలన్నీ పటం మీద గీసి పంపాలి. పటంలో ఉన్న దారిని ఇక ఏ దొరా మూయలేడు, లేనిది ఉన్నట్టు కాదు. మా పంచాయతీ పెద్ద కూడా దొరకు అద్దెదారే. పదహారు దారులు గీసి, ఏటి దారిని 'మరిచిపోయాడు'. కెజియా ఒక సాయంత్రం బడికి వచ్చి నా బల్ల మీద ఖాళీ పటం పరిచింది. నేను అక్కడ పంతులమ్మను.

"అమ్మాయ్, నీ దగ్గర ఎర్ర పెన్సిలుందా?"

"ఉంది. ఎందుకు?"

"పిల్లల తప్పులు దిద్దుతావుగా. పెద్దోళ్ళ తప్పు ఒకటి దిద్దుదాం."

నెల రోజుల పాటు ప్రతి ఆదివారం ఆమె వెంట నడిచాను. ఏ గోడకు ఎక్కడ రాతి మెట్లు పొడుచుకొచ్చి ఉన్నాయో, ఏ వాగులో అడుగు రాళ్ళు ఎన్నో, మంచు కరిగినప్పుడు ఏ మలుపు మునుగుతుందో ఆమె చెబుతుంటే నేను గీశాను. పదిహేడు దారులతో మేం గీసిన పటం జిల్లాకు వెళ్ళింది. దొర అభ్యంతరం పెట్టాడు. విచారణ మా బడిలోనే జరగాలని కబురొచ్చింది.

దానికి వారం ముందు దొర లాయరు పెన్‌రిత్ ఆమె ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. టీ పుచ్చుకుని, జేబులోంచి కొత్త తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"సర్ హ్యూగోకు మీ వయసు మీద గౌరవం, మిస్ ఆల్డర్సన్ గారూ. మీ ఒక్కరికీ ఎప్పుడైనా అనుమతే. ఈ రచ్చ ఎందుకు చెప్పండి?"

కెజియా దాన్ని వేలితో ఆయన వైపు తోసింది. "చెవి పుచ్చుకుంటే తాళం ఒప్పుకున్నట్టే బాబూ. మీ టీ చల్లారిపోతోంది, తాగి వెళ్ళండి."

జనవరి పొద్దున విచారణ మొదలైంది. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఊరంతా ఇరుక్కుని కూర్చుంది. లండన్ నుంచి వచ్చిన అధికారి ముసలాయన. చట్టం ఏమిటో మాకు విడమరిచి చెప్పాడు: ఇరవై ఏళ్ళ పాటు జనం ఎవరి అనుమతీ అడక్కుండా, చాటుమాటు లేకుండా, ఎవరూ ఆపకుండా నడిచి ఉంటే ఆ దారి జనానిది.

కెజియా లేచి చెప్పింది. "ముప్పై ఒక్క ఏళ్ళు నడిచాను. వారానికి ఆరు రోజులు."

పెన్‌రిత్ చిరునవ్వుతో ఒక పాత కాగితం తీశాడు. పాత దొర పంతొమ్మిది వందల పదకొండులో తపాలా వారికి రాసిన ఉత్తరం. తన భూమిలోంచి ఉత్తరాలు మోసేవారు వెళ్ళడానికి దయతో అనుమతిస్తున్నానని అందులో ఉంది.

"అంటే ఈవిడ నడిచిన ప్రతి అడుగూ అనుమతి మీద నడిచినదే. ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ లెక్కలోకి రావు. ఇంకెవరైనా ఉన్నారా సాక్షులు?"

అందరూ నడిచినవాళ్ళే. కానీ లేస్తే అద్దె ఇల్లు పోతుంది. పంచాయతీ పెద్ద తన టోపీని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నేను కెజియా ముఖం చూశాను. ఆమె బడి గోడ మీది గుణకారాల పట్టిక వైపు చూస్తోంది. మెడ దగ్గర నుంచి ఎరుపు మెల్లగా పైకి పాకింది. అంతకు ముందెన్నడూ ఆమె సిగ్గుపడగా నేను చూడలేదు.

"వారానికి ఆరు రోజులన్నాను," అంది. "ఏడో రోజు చెప్పలేదు."

"ఆదివారం తపాలా ఉండదు కదండీ?"

"ఉండదు. అందుకే చెబుతున్నాను. పంతొమ్మిది వందల ఇరవై మూడు నుంచి మీరు తాళం వేసేదాకా ప్రతి ఆదివారం, సంచి లేకుండా, మధ్యాహ్నం రెండింటికి ఆ దారిన క్రాగ్‌టాప్ దాకా వెళ్ళాను. ఆంబ్రోస్ పీకాక్ ఇంటికి. ఎవరి అనుమతీ అడగలేదు. మా అమ్మని కూడా."

ఆంబ్రోస్ ఒంటిగా ఉండే గొర్రెల కాపరి, పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

పెన్‌రిత్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏ పని మీద వెళ్ళేవారో అడగవచ్చా?"

"ఏం బాబూ, ఆదివారం మధ్యాహ్నం మగాడి ఇంటికి ఆడది గొర్రెలు లెక్కపెట్టడానికి వెళ్తుందా?"

బెంచీల్లో నవ్వు పేలింది.

"పెళ్ళి చేసుకోవచ్చు కదా మరి."

"చేసుకుంటే మర్నాడే సంచి అప్పగించాలి. మొగుడున్న ఆడదానికి తపాలాలో పని లేదన్నారు. ఆయన గొర్రెల్ని వదలడు, నేను సంచి వదలను. ఆ రూలు నలభై ఆరులో ఎత్తేశారు. ఆయన నలభై అయిదు నవంబరులో పోయాడు. ఇంకా ఏమైనా అడగాలా?"

"ఆయన పోయాక ఎందుకు వెళ్ళారు?"

"ఆయన పోయాడు. దారి పోలేదు కదా!"

పెన్‌రిత్ అధికారి వైపు తిరిగాడు. "చనిపోయిన మనిషి సాక్ష్యం చెప్పలేడు. పైగా ఇది రహస్యంగా సాగిన వ్యవహారం. చట్టం చాటుమాటు లేని నడకనే అడుగుతోంది. ఈవిడను చూసినవాళ్ళెవరు?"

నా పక్కన బెంచీ కిర్రుమంది. మా అమ్మ లేచింది. ప్రార్థనా మందిరంలో ఆమెను మించిన నిష్ఠాపరురాలు లేదు. ఇంట్లో ఆదివారం సూది కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

"నేను చూశాను. మా వంటింటి కిటికీలోంచి. ప్రతి ఆదివారం రెండింటికి వెళ్ళేది, ఆరింటికి వచ్చేది. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని."

"మీరు ఎన్నడూ ఎవరితోనూ అనలేదే?"

"అనడానికేముంది, అందరికీ తెలుసు. పాపం పాపమే. దారి దారే. ఆ రెండూ కలిపి లెక్కగట్టకండి."

ఆ మాటతో ఏదో తెగింది. గొర్రెల బొచ్చు కత్తిరించే హ్యారప్ లేచాడు, మంత్రసాని లేచింది, నీళ్ళ మిల్లు ముసలాయన లేచాడు. పద్నాలుగు మంది చూశామన్నారు. పనిలో పనిగా తామూ ఎవరినీ అడక్కుండానే నడిచామన్నారు. చివరికి గోడకు ఆనుకుని నిలబడ్డ సైలస్ ముందుకొచ్చి టోపీ తీశాడు. యజమాని లాయరు ఎదురుగానే నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళుగా ఆ భూమికి నేనే కాపలా. ప్రతి వారం చూశాను. ఎదురుపడితే టోపీ ఎత్తేవాణ్ణి. ఆపమని పాత దొర ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా ఆగేది కాదు."

నిర్ణయానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా జరగాల్సినవన్నీ జరిగాయి. సైలస్ కొలువూ, దాంతోపాటు ఉంటున్న ఇల్లూ పోయాయి. కెజియా చేతిబండి తీసుకెళ్ళి అతని పెట్టె తన ఇంటికే తెచ్చి పై గది ఇచ్చింది. "ఇంకా ఏదైనా అనుకోవాల్సి ఉంటే దీంతో కలిపి అనేసుకోండి, మళ్ళీ మళ్ళీ ఎందుకు శ్రమ?" అని కొట్టు ముందు నిలబడి అందరికీ వినపడేలా అంది. మందిరంలో ఆమె కూర్చున్న బల్ల ఖాళీ అయిపోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెనక్కి జరిగారు. ఆమె హాయిగా కాళ్ళు చాపుకుని పాటలు పాడేది, అందరికంటే పై స్వరంలో. మా అమ్మ కూడా జరిగినవాళ్ళలో ఒకరు. ఏడు వారాలు ఓర్చింది. ఎనిమిదో ఆదివారం పాట మధ్యలో లేచి వెళ్ళి ఆ బల్ల దగ్గర నిలబడింది.

"కొంచెం జరుగు. కాళ్ళు తీయి."

"పాపం అంటుకుంటుందేమో చూసుకో."

"ఆ వయసు దాటిపోయిందిలే. పుస్తకం ఇటు పట్టు, కనపడట్లేదు."

మార్చిలో ఉత్తరం వచ్చింది. ఏటి దారి జనం దారి అని పటంలోకి ఎక్కింది. దొర గేటు తీయించాడు గానీ వాగు మీద కుళ్ళిన చెక్క వంతెన బాగుచేయించలేదు. బ్రాడ్‌ఫర్డ్ అమ్మాయిలు తమ మిల్లులో పారేసిన మగ్గం దుంగలు రెండు బస్సు మీద వేసుకొచ్చారు. సైలస్ వాటిని పరిచి మేకులు కొట్టాడు. కెజియా ఒడ్డున నిలబడి అది వంకర, ఇది వంకర అని తిడుతూనే ఉంది.

తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికింది. మా లోయలో పదిహేడు దారులకూ ఏటేటా గడ్డి కోసింది, గోడ మెట్లు కదిలితే కట్టించింది, ఎవరు ముళ్ళకంచె వేసినా కత్తెర పట్టుకుని బయలుదేరింది. ఒకసారి పోలీసు వచ్చి కత్తెర తీసుకుపోతే మర్నాడు స్టేషనుకు వెళ్ళి అడిగి తెచ్చుకుంది. డెబ్బై ఎనిమిదో ఏట, నవంబరులో, తన దారులు చుట్టి వచ్చి బూట్లు పొయ్యి దగ్గర పెట్టి కుర్చీలో కన్ను మూసింది. బూట్లకు ఇంకా బురద తడి ఉందని సైలస్ చెప్పాడు.