పక్కన ఎవరున్నరు, చెల్లె?

నిన్న పొద్దున ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. డేవిడ్ అన్న పోయాడట.

"ఏ డేవిడ్ అన్న?" అన్నాను. తెలిసి కూడా అడిగాను.

నాచారంలో మా ప్లాస్టిక్ డబ్బాల కంపెనీకి సిస్టమ్స్ అన్నీ చూసేది ఆయనే. నేను స్టాక్ సెక్షన్. చేరిన రోజు నుంచి నన్ను "చెల్లె" అనే పిలిచాడు.

హార్ట్ ఎటాక్, ఇంట్లోనే అన్నారు. ఆ టైంకి ఒక్కడే ఉన్నాడా? ఫోన్ చేసినవాళ్లకు తెలియదు. బండి నడుపుతున్నంతసేపూ నాకు అదే దిగులు.

ఎందుకో మా ఆఫీసు వాళ్లకు తెలుసు. మిగతావాళ్లకు చెప్తాను.

మా పాత స్టాక్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. అన్న దాన్ని లైనక్స్ సర్వర్ లోపల ఒక వర్చువల్ మిషన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో పెట్టాడు. కానీ గోడౌన్ కంప్యూటర్లకు అది కనబడదు.

"బ్రిడ్జి ఏస్తే అది గూడ మన నెట్‌వర్క్‌ల ఇంకో కంప్యూటర్ లెక్కనే కనవడ్తది" అన్నాడు. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే చిల్కానగర్‌లో ఇంట్లో కూర్చుని, రిమోట్‌లో మొదలుపెట్టాడు.

నెట్‌వర్క్ కార్డును బ్రిడ్జిలో కలిపాడు. కార్డుకున్న ఐపీ అడ్రస్‌ను బ్రిడ్జికి ఇవ్వడం మరిచాడు.

అంతే. ఇంటి నుంచి సర్వర్‌కు లైన్ కట్!

ఆఫీసుకు తాళం. తాళంచెవి నా దగ్గర. నాకు ఫోన్ చేసి రమ్మని, తను వానలో తడిసి ముద్దై వచ్చి, గేటు దగ్గర ఒకటే నవ్వు.

"నన్ను నేనే బయటికి నూకేసుకున్న చెల్లె!"

లోపలికి పోయి ఐపీని కార్డు నుంచి బ్రిడ్జికి మార్చాడు, వర్చువల్ మిషన్‌ను బ్రిడ్జికి తగిలించాడు. అది పలుకుతుందో లేదో చూడ్డానికి నేను గోడౌన్ కంప్యూటర్ నుంచి పింగ్ కొట్టాను. రిప్లై!

"వచ్చిందన్నా!" అని అరిచాను. ఆ తడి బట్టలతోనే చప్పట్లు కొట్టాడు మహానుభావుడు.

అప్పటి నుంచి ఇంట్లో కూర్చుని సర్వర్ ముట్టుకోవాలంటే ముందు ఫోన్ చేసేవాడు. హలో లేదు, ఏం లేదు.

"మిషన్ పక్కన ఎవరున్నరు, చెల్లె?"

మనిషి ఉంటేనే చెయ్యి పెట్టేవాడు. దానికి ఆయన్ని మస్తు ఏడిపించేవాళ్లం.

నిన్న అన్న ఇంటికి వెళ్లగానే సరోజ వదినను పట్టుకున్నాను. నా నోట్లోంచి అదే వచ్చింది.

"అన్న పక్కన ఎవరున్నరు వదినా?"

"నేనే ఉన్న. ఛాయ్ తాగుకుంట నా భుజం మీద తల వెట్టిండు. నేను చెయ్యి ఇడువలే."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అన్నా, వదిన పక్కన మేమున్నం. ఫికర్ చెయ్యకు.

దేవుని దగ్గర నెమ్మదిగా పండుకో.