ఎనభై కాగానే తీసేస్తాను

"ఎంత జూసుకున్నా ఏదో ఒకరోజు పోతది అక్కా."

"పోతే పోనీ. నా చేతులతోని మాత్రం పోనియ్య!"

వనపర్తి బస్సులో నా పక్కన కూర్చున్న, ఫోన్లు బాగుచేసే ఒకామెకూ నాకూ దిగేముందు జరిగిన మాటలివి. మా ఆయన పోయాక, ఆయన గొంతున్న ఫోన్‌ను పటం ముందు దీపంలా ఆరనివ్వకుండా రాత్రీపగలూ చార్జింగ్‌లోనే ఉంచాను. బస్సులోనూ పవర్‌బ్యాంకుకు తగిలించే ఉంది. ఆమె చెయ్యి పెట్టి చూస్తే కాలుతోంది.

"నూరైనంక గుడ తియ్యకుంటే బ్యాటరీ జల్ది ఖరాబైతది. ఎనభైకి తియ్యి, ఇరవైకి పెట్టు."

ఆయన్ని తలుచుకుని వైరు పీకాను.

"కొత్తది కొనుక్కో వదినా, గిదేం పిచ్చి?" అని మరిది ఇప్పటికీ నవ్వుతాడు. అక్షరాలు సరిగా రాకపోయినా ఎనభై అంకె గుర్తుపడతాను. రెండేళ్లయింది, ఆయన ఇంకా పలుకుతున్నాడు.

రాసినవా కోడలా? మొదటికెళ్లి సదువు. నా మాట గట్టిగ సదువు, మీ చిన్నమామకు ఇనబడాలె.