ముసుగేసిన కారు

మొన్న మా మనవడు కొత్త కారు కొని పూజ చేయించాడు. దాని ముఖం నిండా బంతిపూల దండలు కట్టి, ఏలూరు దాకా అలాగే వెళదామన్నాడు. "ముందా దండలు పీకెయ్యరా" అని కసిరాను. మామ్మకి పూల మీద ఇంత కోపమేమిటని పిల్లలు బిత్తరపోయారు. నా కోపం పూల మీద కాదు, మా బావగారి మీద. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. అలా అనేవాళ్ళెవరూ ఆయన కారెక్కి ఉండరు.

ముప్ఫైల నాటి మాట. తాడేపల్లిగూడెంలో మా అత్తవారిది ఉమ్మడి కాపురం. పెత్తనమంతా మా ఆయన అన్నగారిది, అంటే బావగారిది. ఆయన చెన్నపట్నం నుంచి కారు తెప్పించారు. దాని ముందుభాగం నికెలు పూతతో తళతళలాడేది. బావగారు అందులో మీసం చూసుకునేవారు. కంకర రోడ్డు దుమ్ముకి ఆ మెరుగు పోతుందని, ఏలూరు తివాచీ ఒకటి కోయించి దాని ముఖానికి కట్టించేవారు. ఊరి పొలిమేర రాగానే బండి ఆపించి విప్పించేవారు, జనం చూడాలిగా! ఊరు దాటగానే మళ్ళీ ముసుగు. బావగారి ఎదుట పడకుండా, నోరెత్తకుండా తిరిగే కోడళ్ళం మేము; మాకన్నా ఆ కారుకే ఎక్కువ ఘోషా.

ఒక చైత్రంలో కొల్లేటికోట నుంచి కబురొచ్చింది. అక్కడ బడిపంతులుగా చేసిన మా నాన్నకి ఊపిరాడటం లేదు, నన్ను చూడాలంటున్నాడు. గుండుగొలను మీదుగా కొల్లేటి ఒడ్డుకి చేరి, అక్కడ దోనె ఎక్కాలి. సాయంత్రం గాలి లేస్తే దోనె తియ్యరు. రైల్లో వెళతామంటే బావగారు ఒప్పుకోలేదు. "ఇంట్లో కారుండగా రైలేవిట్రా? నలుగురూ ఏమనుకుంటారు?" అని తమ్ముణ్ణి గదిమి, డ్రైవరుని పిలిపించి తానే మమ్మల్ని తీసుకుని బయలుదేరారు.

ఉంగుటూరులో ముసుగు తీసి జనానికి దర్శనమిచ్చాం. ముసుగేసి ఊరు దాటామో లేదో, ముందునుంచి బుస్సుమని ఆవిరి లేచింది. డ్రైవరు గుడ్డ చుట్టి, ముందు నీళ్ళు పోసే మూత తిప్పితే మరిగిన నీళ్ళు ఎగజిమ్మాయి. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది కనుక చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. నీళ్ళు పోయించి, బావగారు మళ్ళీ తివాచీ కట్టించారు. మళ్ళీ మరిగింది. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ఇంజను వేడికి దాని చుట్టూ ఉన్న నీళ్ళు కాగి, పైకి లేచి, ముందున్న సన్నటి గొట్టాల్లోకి వస్తాయి. అక్కడ ఎదురుగాలికి చల్లారి, కిందికి దిగి, తిరిగి ఇంజను దగ్గరికి పోతాయి. ఆ గాలికే అడ్డం కడితే వేడినీళ్ళు వేడిగానే వెనక్కి పోయి మరుగుతాయి. మూత పెట్టిన గిన్నె మీద ఊదితే లోపల పాలు చల్లారవని ఏ ఆడదానికైనా తెలుసు.

మా ఆయన వైపు చూశాను. ఆయన మైలురాయి చదువుకుంటున్నారు. కాపురానికొచ్చాక మొదటిసారి నేనే నోరు విప్పాను. "బావగారండీ, ఆ తివాచీ తీయించండి. గాలాడక మరుగుతోందండీ. అవతల మా నాన్న ఎదురుచూస్తున్నాడండీ."

బావగారు నా వైపు చూడనైనా చూడలేదు. "ఒరేయ్, మీ ఆవిణ్ణి లోపల కూర్చోమను. వంటింటి తెలివితో కార్లు నడవవు" అన్నారు తమ్ముడితో.

భీమడోలు దగ్గర మూడోసారి మరిగింది. దిగి, ముడులు తెంపి, ఆ తివాచీని రోడ్డు పక్క కాలవలో పారేశాను. ఇంజను చల్లారి బయలుదేరాక ఒడ్డు చేరేదాకా కారు మళ్ళీ ఆగితే ఒట్టు. అప్పటికే గాలి లేచింది. "ఇప్పుడు తియ్యలేనండి అమ్మగారూ, తెల్లారి వెళదామండి" అన్నాడు దోనెవాడు.

తెల్లారి వెళ్ళేసరికి నాన్న లేడు. "అమ్మాయి వచ్చిందా?" అని చివరిదాకా అడుగుతూనే ఉన్నాడట.

పదోరోజుకి బావగారు వచ్చి, రాసిపెట్టిన ఘడియ ఎవరూ తప్పించలేరన్నారు. వెళ్ళబోతూ మా ఆయన్ని పక్కకి పిలిచి, తివాచీ కాలవలో సరిగ్గా ఎక్కడ పడిందో అడిగారు.

ఆనాడు మరిగిన ఇంజను కాసేపు గాలి తగిలితే చల్లారింది. ఇన్నేళ్ళ గాలి తగిలినా నేనింకా చల్లారలేదు.