వేంపల్లెన్న తలుపు మీది అంకె

ఆ రోజుల్లో యంత్రం చూపించే అంకె తప్పు చెప్పదని నాకు గట్టి నమ్మకం. నాకంటే శ్రద్ధగా పాఠం చెప్పేవాడు కర్నూలు చుట్టుపక్కల లేడని అంతకంటే గట్టి నమ్మకం. అప్పుడు కల్లూరులో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో పనిచేసేవాణ్ణి. ఫ్యాక్టరీల్లో యంత్రాలను వాటంతట అవే నడిపించే కంట్రోలర్ల పని, సెన్సార్ల పని పిల్లలకు నేర్పేవాళ్లం. శిక్షకులం ఇద్దరమే, నేనూ, వేంపల్లె నుంచి వచ్చిన నా ఈడువాడు ఒకడూ. పిల్లలు నన్ను సార్ అనేవారు. అతన్ని మాత్రం వేంపల్లెన్న అనేవారు. నేను పుస్తకాలు తిరగేసి, బోర్డు మీద స్కేలు పెట్టి బొమ్మలు గీసి చెప్పేవాణ్ణి. అతను టైమర్ గురించి చెప్పాలంటే పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటామెతో మాటల్లో పడిన తన పెద్దమ్మ కథ మొదలుపెట్టేవాడు. గోడ అవతలి నుంచి నవ్వులు వినిపించేవి. నా గదిలో ఫ్యాను చప్పుడు వినిపించేది. (ఫ్యాను బాగు చేయించమని కేంద్రం నడిపే పెద్దసారును అడిగాను కూడా.)

ఇంతలో కేంద్రానికి ఒక కన్వేయర్ వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసే బెల్టు ఉంటుంది కదా, దానికి చిన్న నమూనా. ఉన్నది ఒకటే. ఈ వారం పిల్లలు ఎవరి క్లాసుకు ఎక్కువగా పోతే ఆ గదిలో పెడతానన్నాడు పెద్దసారు. దానిమీద చెప్పబోయే పాఠాలన్నీ నేను అప్పటికే మనసులో చెప్పేసుకుని ఉన్నాను. హాజరు చేత్తో వేస్తే మొహమాటాలు అడ్డొస్తాయని, రెండు గదుల గుమ్మాలకూ సెన్సార్లు పెడదామన్నది నేనే. గుమ్మంలో కాంతికి ఎవరు అడ్డుపడినా లెక్క ఒకటి పెరుగుతుంది. అంకె కనిపించే డబ్బాను వరండా దుమ్ముకు పాడవుతుందని తలుపు లోపలివైపు, పైన బిగించాం. నా పిల్లలే వైర్లు లాగారు. ఆ పని నాకు చాలా తృప్తినిచ్చింది.

నా అంకె కూర్చున్న చోటినుంచే కనిపించేది. అతని అంకె చూడాలంటే అతని గదిదాకా పోవాలి. మొదటిరోజు టీకి పోతూ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, పైకి చూశాను. నాకంటే కొంచెం ఎక్కువ. మనసొప్పక టీ తాగి వస్తూ మళ్లీ చూశాను. ఇంకా పెరిగింది. మర్నాడు సుద్దముక్క కోసమని, ఆ మర్నాడు స్క్రూడ్రైవర్ కోసమని పోయాను. ఎప్పుడు చూసినా పెరిగే ఉండేది. వీడి పాఠంలో ఏముందని ఇంతమంది పోతున్నారో అర్థంకాక ఆ వారం సరిగా అన్నం తినలేదు.

శనివారం పెద్దసారు రెండు అంకెలూ చూసి, కన్వేయర్‌ను వేంపల్లెన్న గదికి పంపించాడు. తేడా కొంచెమే. సెన్సార్‌లో లోపముందని అందరి ముందూ వాదించాను. వేంపల్లెన్న నా చెయ్యి పట్టుకుని తన గుమ్మం దగ్గరికి తీసుకుపోయాడు.

"ఒకతూరి చూడప్పా, ఎంతుండాదో."

అలవాటు ప్రకారం తల లోపలికి పెట్టాను. నేను చూస్తుండగానే అంకె ఒకటి పెరిగింది.

"నా క్లాసుకు అందరికంటే నువ్వే శానా వస్తాండావు. వచ్చినోడివి లోపలికొచ్చి కూచోకూడదా?"

పిల్లలు నవ్వారు. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కన్వేయర్ మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. వచ్చిన ఫలితమే వెనక్కి తిరిగి యంత్రాన్ని ఇంకా ఉసిగొల్పడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు; ఆ పాఠానికి వేంపల్లెన్న ఆ తర్వాత నన్నే ఉదాహరణగా చెప్పాడట, పేరు మాత్రం చెప్పకుండా. (పేరు చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.) కన్వేయర్ పాఠం ఉన్నప్పుడల్లా నా పిల్లలతోపాటు నేనూ ఆ గదికి పోయి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. పాఠం బాగుండేది. అదే నాకు మరీ కష్టంగా ఉండేది.

పోయిన ఏడాది అతన్ని వేంపల్లెలో చర్చి వెనక మట్టి చేసి వచ్చాం. గుండెనొప్పి. ఇప్పుడు ఆ గదీ కన్వేయరూ నావే. నేను బొమ్మ గీస్తుంటే పాత పిల్లలెవరైనా వచ్చి, వేంపల్లెన్నైతే దీనికి ఒక కథ చెప్పేవాడు సార్ అంటారు. లేని మనిషి మీద అసూయపడటం బాగుండదని తెలుసు. పడుతూనే ఉన్నాను. ఆ సెన్సార్ ఇంకా పనిచేస్తోంది. పొద్దున్నే తలుపు తీసి, లోపలికి అడుగుపెట్టి పైకి చూస్తాను. ఒకటి పెరుగుతుంది. అది నా లెక్కలో వేసుకోవడానికి మాత్రం ఇప్పటికీ మనసు రాదు.