బాపు నీలం కాలు

మగ్గం గుంటలోంచి మా బాపు పైకి లేవగానే ఆయన ఎడమ కాలు పిక్క దాకా నీలంగా కనిపించింది.

అంతకు వారం ముందే పోచంపల్లిలో డాక్టరమ్మ మమ్మల్ని హెచ్చరించింది. నెత్తురును గడ్డకట్టించే ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ బాపుకు ఎక్కువగా ఉందట. అది కొంత వంశం నుంచి వస్తుందట, బీడీలు తాగినా కదలకుండా కూర్చున్నా ఇంకా పెరుగుతుందట. కాలు వాచినా రంగు మారినా వెంటనే తీసుకురమ్మంది. పరీక్ష చేస్తే నాకూ ఎక్కువే ఉంది.

"నాకేం కాలే బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు బాపు. కాలు ఎందుకు నీలమైందో మాత్రం చెప్పలేదు. పిల్లలిద్దరినీ ఆటో ఎక్కించి, ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ దవాఖానకు వెళ్లాను.

డాక్టరమ్మ పిక్క నొక్కి చూసి, స్పిరిట్ దూదితో తుడిచింది. దూది నీలమైంది.

"ఏం పెద్దాయనా, గిదేంది?"

బాపు తల దించుకున్నాడు. "బీడీల కట్ట అటక మీద దాచిన మేడం. తియ్యబోతే కాలు జారి రంగు బకెట్ల పడ్డది."

ఆమె నవ్వుతూ నా చీర వైపు చూపించింది. ఒడి అంతా నీలమే. మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగిన నాకు అది రంగు కావచ్చన్న ఆలోచనే తట్టలేదు.

మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాను. "వంశం నుంచి వచ్చింది కడిగితే పోదు. అందుకే ఇగ నుంచి తాత మీతోని బడి దాకా నడుస్తడు. ఆయన కాళ్లు రోజూ చూడుర్రి. నీలం కనబడితే ముందు దూదితోని తుడువుర్రి. పోకుంటేనే నన్ను పిలువుర్రి."