రేడియేటరులో పసుపు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో కారున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో మాదొకటి. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఎవరో దొర వదిలేసి పోయిన నల్ల కారును కొన్నాడు. కొనేనాటికే అది ముసలిది. ఆయన దాన్ని కాడెద్దులతో సమానంగా చూసుకునేవాడు, ఎండాకాలం దాని మీద తడి గోనెపట్టాలు కప్పేవాడు. ఊరంతా నవ్వేది. ఆ కారు గురించి డెబ్బై ఏళ్లు వచ్చేదాకా నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది.

ఆ ఏడు దాని రేడియేటరు, అదే ఇంజనును చల్లబరిచే నీళ్ల పెట్టె, కారడం మొదలుపెట్టింది. కొత్తది మద్రాసులో కూడా దొరకదన్నారు. నంద్యాలకు తీసుకుపోయి చిల్లుకు సీసంతో మాటు వేయించాలంటే కోతలు వదిలిపెట్టి పోవాలి. అంతదాకా గడుస్తుందిలే అని జేజినాయన అప్పటి డ్రైవర్లు చేసే పనే చేశాడు. మూత తీసి పిడికెడు పసుపు వేశాడు. అది నీళ్లతో తిరిగి తిరిగి చిల్లు దగ్గర పేరుకుంది, కారడం ఆగింది. నాకది మంత్రం వేసినట్టే అనిపించింది.

అప్పుడే మా మేనత్త తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. "నొప్పులొస్తే ఈ కారే మనకు దిక్కు" అని మా జేజి, అంటే నాయనమ్మ, రోజుకోసారైనా అనేది. ఒక మధ్యాహ్నం కారు కింద మళ్లీ తడి కనబడింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, నాకంటే తెలివైనవాళ్లు లేరనుకునే వయసు. పిడికెడుకే ఆగితే డబ్బాడు పోస్తే ఇక జన్మలో కారదు కదా! మా చేలో పండిన పసుపును జేజి దంచి దాచుకుంటే, ఆ డబ్బా మొత్తం తెచ్చి బోర్లించాను. మరునాడు జేజినాయన ఊరు చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చాక చూస్తే కింద చుక్క లేదు. జేజి తిడుతుందని ఎవరికీ చెప్పలేదు గానీ, అత్తను కాపాడింది నేనేనని లోపల్లోపల పొంగిపోయాను.

నాలుగు రోజులకు పొద్దున్నే నొప్పులు వచ్చాయి. నంద్యాల ఆసుపత్రికని జేజినాయన కారు తీశాడు. వెనక జేజి ఒళ్లో తల పెట్టుకుని అత్త, ముందు నీళ్ల బిందె పట్టుకుని నేను. శిరివెళ్ల దాటగానే కారు పొగలు కక్కి నిలబడిపోయింది. చల్లారాక జేజినాయన రేడియేటరులో నీళ్లు పోస్తే లోపలికి దిగలేదు, మూతి దగ్గరే నిలిచి పొర్లిపోయాయి. బస్సులు అంతంతమాత్రం ఉన్న రోజులు. జొన్న చొప్ప తోలుతున్న బండిని ఆపి, చొప్ప కిందికి తోసి అత్తను పడుకోబెట్టారు. నంద్యాల ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. అత్త దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల.

కొన్నాళ్లకు జేజినాయన రేడియేటరు విప్పి, గోనెసంచిలో చుట్టి నంద్యాల బస్సెక్కాడు. ఏడుపుల ఇంట్లో పసిదాన్ని ఉంచడమెందుకని నన్నూ వెంట తీసుకుపోయాడు. అక్కడ రేడియేటర్ల పని చేసే ముసలి సాయిబు, పిడికెడు పసుపు వేశానని జేజినాయన చెబుతుంటే వింటూ, మంట పెట్టి, సీసం కరిగించి, పై పెట్టెను ఊడదీశాడు. లోపల సన్నని గొట్టాల మూతుల మీద పసుపు ముద్దలు కట్టి గట్టిపడి ఉంది. ఆయన దాన్ని చూశాడు, జేజినాయన వెనక దాక్కున్న నన్ను చూశాడు. "పెద్దాయనా, పోయి టీ తాగి రాప్పా" అని జేజినాయనను బయటికి పంపాడు.

"నువ్వేనా పాపా?" అన్నాడు. తల ఊపాను. ఆయన తిట్టలేదు. ముద్దలన్నీ గీకి కాలవలో పడేసి నీళ్లతో కడిగేశాడు. "కారేదాన్ని లోపల్నించి మూయగూడదు. ఇప్పి సూసి మాటెయ్యల్ల. ఈ పొద్దుకు నేను సర్దుతా. రోంత పెద్దయినంక మీ జేజినాయనకు నువ్వే చెప్పుకో" అన్నాడు.

జేజినాయన తిరిగి రాగానే, "ఇంజన్లోంచి దిగిన తుప్పు పెద్దాయనా! నీ పిడికెడు పసుపుకేం కాల్యా. ఏండ్లుగా కడగక గొట్టాలు మూసుకపోయినాయి" అన్నాడు. సన్నని ఇనుప బద్ద దూర్చి ఒక్కో గొట్టాన్నీ తెరిచాడు. ఎంతకీ తెరుచుకోని ఆరింటిని సీసంతో మూసేశాడు. "తక్కినవి సాలు. కొత్తది నీకెందుకు? రాగీ ఇత్తడీ ఇది, ఇంగా ముప్పై ఏండ్లొస్తాది" అన్నాడు. నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఊదితే ఒక్క బుడగ లేవలేదు. జేజినాయన అవేవీ చూడటం లేదు. తుప్పు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. తుప్పంటే చూసుకోలేదనే కదా. నన్ను తప్పించబోయి ఆ మంచి మనిషి, నేరాన్ని జేజినాయన నెత్తిన పెట్టాడు.

సాయిబు అన్నట్టే కారు ఏళ్ల తరబడి నడిచింది. జేజినాయన మాత్రం మళ్లీ దాని స్టీరింగు ముట్టలేదు. అత్త చాగలమర్రికి, అత్తగారింటికి వెళ్లిపోయింది. "మాటేపిచ్చేకి తీరిక లేక నా బిడ్డను పోగొట్నాడు" అని ఒకసారి ఆయనకు వినబడేలా అనింది, అంతే, ఇక ఆయనతో మాట్లాడలేదు. ఆమె పండక్కి వస్తే ఆయన చేను దారి పట్టేవాడు. అట్లా పదకొండేళ్లు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని నేను ఆ పదకొండేళ్లూ గడిపాను. ఆయన పోయిన రోజు అత్త వచ్చి గడప దగ్గరే నిలబడింది. కన్నీళ్లు పెట్టుకోలేదు. రేడియేటరు మూతి దగ్గర నిలిచిపోయిన ఆ నీళ్లు నాకు ఇప్పటికీ కలలో కనిపిస్తాయి.

పోయిన ఎండాకాలం మా తమ్ముడి కొడుకు ఆ కారును షెడ్డులోంచి బయటికి తీశాడు. పాత కార్లంటే ఇప్పుడు మోజు కదా. "రేడియేటరు కారుతాంది అత్తా. కొత్తది చేపిచ్చాలంటే శానా అయితాదంట. పసుపేస్తే ఆగుతాదంట గదా" అని నవ్వాడు. "వద్దురా, నంద్యాలకు తీసకపోయి ఇప్పి మాటేపియ్యి" అన్నాను. మరునాడే చాగలమర్రి బస్సెక్కాను.

అత్తకు ఎనభై దాటాయి. మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఏదీ దాచకుండా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అడకత్తెర పక్కన పెట్టింది. "నువ్వు పసిదానివి, నీకేం తెలుసులే" అనింది. తర్వాత వక్కల పళ్లెం దూరంగా జరిపింది.

"పదకొండేండ్లు మా నాయనతో మాట్లాడ్ల్యా నేను. ఇప్పుడు యాడికి పోయి మాట్లాడల్ల?"

బిడ్డ పోవడానికి నేనే కారణమంటే, తొమ్మిదేళ్ల పిల్ల కదా అని ఎవరైనా క్షమిస్తారు. కానీ ఆ పదకొండేళ్లలో నేను పెరిగి పెద్దదాన్నయ్యాను. పెద్దయ్యాక చెప్పుకోమనే కదా సాయిబు అన్నాడు.