సాంచాల చప్పుడులో చదివిన పుస్తకం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. నలుగురి ముందు మాట్లాడాల్సిన రోజున నేను ఠాణేలో పనిచేసే ఆసుపత్రి వెనక ఉన్న బట్టలుతికే గదికి వెళ్తాను. అక్కడ పెద్ద పెద్ద యంత్రాలు గోడలు అదిరేలా తిరుగుతుంటాయి. వాటి పక్కన నిలబడి, చెప్పాల్సిందంతా ఒకసారి పైకి చెప్పుకుంటాను. దుప్పట్లు లెక్కపెట్టుకునే మనిషికి ఆ సమయంలో నా వైపు చూసే తీరిక ఉండదు. మొన్న అలాగే చెప్పుకుంటూ ఉంటే యంత్రం తిరగడం ముగిసి ఠక్కున ఆగిపోయింది. తడిబట్ట వాసన, వేడెక్కిన నూనె వాసన, వాటి నడుమ ఒంటరిగా మిగిలిపోయిన నా గొంతు. ఒక్క క్షణం నేను ఠాణేలో లేను. భివండీలో, మా నాన్న కార్ఖానాలో, కరెంటు పోయిన మధ్యాహ్నంలో ఉన్నాను. ఎదురుగా గడప మీద సలోమక్క కూర్చుని ఉంది.

మా నాన్న పెళ్లి కాకముందే సిరిసిల్ల నుంచి వచ్చి భివండీలో పనికి కుదిరాడు. నేను పుట్టేనాటికి కిరాయి షెడ్డులో తనవే కొన్ని మరమగ్గాలు నడుపుతున్నాడు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. షెడ్డు బయట అరుగు మీద నూలు కండెలు చుట్టే మిషను దగ్గర అమ్మ కూర్చునేది. లోపల సాంచాలు నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడ అందరూ పెదవులతో, చేతులతో మాట్లాడుకుంటారు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తే నాన్న అవతలి మూల నుంచే పెదవులు కదిపి మంచినీళ్లు అడిగేవాడు, నేను తెచ్చి ఇచ్చేదాన్ని. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు. నడక ఎట్లా వచ్చిందో ఇదీ అట్లాగే వచ్చింది.

ఆ షెడ్డులో తప్ప నాకు ఇంకెక్కడా మాట వచ్చేది కాదు. మరాఠీ బడిలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. ఇంట్లో అమ్మ తెప్పించుకునే పాత తెలుగు వారపత్రికలు మంచం కింద దూరి చదువుకునేదాన్ని, చదివినవి డైరీలో రాసుకునేదాన్ని. పన్నెండో తరగతి పాసయ్యాక కల్యాణ్‌లో సోషల్ వర్క్ చదువుతానని ఒక చీటీ మీద రాసి నాన్న చేతికిచ్చాను. నాన్న దాన్ని రెండుసార్లు చదివి అమ్మ వైపు చూశాడు.

"సోషల్ వర్క్ అంటె ఏందే? మందితోని మాట్లాడే పని గద. ఇంట్ల ఉప్పు కావాలన్నా చెయ్యి చూపెడ్తది గీ పిల్ల. ఎట్ల చేస్తది?"

"చెయ్యనియ్యి. గా చదువుతోనన్న నోరొస్తదేమో," అన్నది అమ్మ.

"ఒక్క ఏడు చూస్త. పాసయితె చదువు, లేకుంటె నీ పక్కన కండెల మిషను కాడ కూసుంటది."

ఆ ఏడాది గట్టెక్కాలంటే పరీక్షలతో పాటు ఫీల్డ్‌వర్క్ కూడా పాసవ్వాలి. ఏదైనా ఒక సంస్థలో పనిచేసి, ఏడాది చివర కాలేజీ మేడం ముందు ఆడవాళ్ల గుంపుతో ఒక సమావేశం నడిపి చూపించాలి. పరీక్షంటే నాకు భయం లేదు. సమావేశం తలుచుకుంటే మాత్రం అన్నం సయించేది కాదు.

నన్ను పంపింది సలోమక్క దగ్గరికి. వరాలా తలావ్ అనే చెరువు వైపు రెండు ఖోలీల్లో, అంటే చిన్న గదుల్లో, ఒక మహిళా కేంద్రం ఉండేది. ఒక ఖోలీలో చిన్నపిల్లల బడి, ఇంకొక దాంట్లో ఆడవాళ్ల మీటింగులు. ఆ రెండింటినీ నడిపేది ఆమే. మా తెలుగువాళ్లే, క్రైస్తవుల కుటుంబం. చిన్నప్పుడు సాంచాల దగ్గర పెరిగి, తర్వాత డిప్లొమా చదివి ఈ పనిలోకి వచ్చింది. బొద్దుగా ఉండేది, తలనొప్పి ఉన్నా లేకపోయినా నుదుటికి జండూబామ్ రాసుకునేది. ఆ వాసన ముందు వచ్చేది, ఆమె తర్వాత వచ్చేది.

"పేరేంది?" అని అడిగింది మొదటిరోజు.

చెప్పాను.

"వినవడ్తలేదు. గట్టిగ చెప్పు."

మళ్లీ చెప్పాను.

"వినవడ్తలేదే పిల్లా. నేనేమన్న నీ కడుపుల కూసున్ననా వినడానికి? గట్టిగ చెప్పు."

మూడోసారి ఉక్రోషంతో "సునీత!" అని అరిచాను. పక్క ఖోలీలో నిద్రపోతున్న పసివాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు.

"ఆఁ, గిప్పుడు వినవడ్డది. ఇగ పోయి వాన్ని జోకొట్టు. అదే నీ మొదటి ఫీల్డ్‌వర్కు."

అప్పటినుంచి ఏం చెప్పినా ఆమెకు మొదటిసారి వినపడేది కాదు. నిజంగానే చెవుడేమో అనుకున్నాను. సాంచాల దగ్గర పెరిగినవాళ్లకు అది మామూలే.

ఇక పుస్తకం సంగతి. మా పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. లైబ్రరీలో ఒక్కో దానికి ఒక్కటే ప్రతి, అదీ అద్దాల బీరువాలో. అక్కడే నిలబడి చదివి, అక్కడే పెట్టిరావాలి. ఒకరోజు ధామన్కర్ నాకా దగ్గరి సైబర్ కేఫ్‌లో ఏదో వెతుకుతుంటే ఒక పుస్తకం మొత్తానికి మొత్తం తెరుచుకుంది. కష్టాల్లో ఉన్నవాళ్లతో పనిచేయబోయే విద్యార్థుల కోసం ఎక్కడో విదేశంలో కొందరు పంతుళ్లు రాసినది. మొదటి పేజీలో ఉన్నది చదివి నమ్మలేకపోయాను. దీన్ని ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, తమ ఊరికి తగ్గట్టు దిద్దుకుని ఇంకొకరికి ఇవ్వవచ్చు, మొదట రాసినవాళ్లెవరో చెబితే చాలు అని ఉంది. కేఫ్ నడిపే భయ్యాకు చూపిస్తే ఆయన కూడా అనుమానంగా చూశాడు. నాన్నయితే తేల్చేశాడు. "ఫుకట్ల పుస్తకం ఎవడిస్తడు? రేపు మన ఇంటికి పోలీసోళ్లొస్తరు, చూడు."

ఒక్క అధ్యాయం అచ్చు తీయించి, భయపడుతూనే సలోమక్కకు ఇచ్చాను. ఎదుటి మనిషి చెప్పేది ఎలా వినాలి అనే అధ్యాయం అది. అక్క కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివింది. మధ్యలో ఒకచోట ఆగి, నవ్వు ఆపుకోలేక కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"ప్రశాంతంగ ఉండే గదిల కూసోబెట్టాలట! తలుపు పెట్టుకోవాలట! శుక్రారం సాంచాలు బందున్నప్పుడు తప్ప భివండిల ప్రశాంతం ఏడుంటది? తలుపు పెట్టుకుంటె చాల్ల ఉన్న ఇండ్లోళ్లంతా అచ్చి కిటికీల తలకాయ పెడ్తరు, లోపల ఏమైతుందని. ఇది మార్చు."

"పుస్తకం గదక్కా... ఎట్ల మారుస్త?"

"వినవడ్తలేదు."

"పుస్తకాన్ని ఎట్ల మారుస్త అంటున్న!"

"మార్చుకోమని వాళ్లే రాసిండ్రు గద మొదటి పేజీల. ఇంటికి పిలిచి అన్నం పెడితె, తినకుంట పళ్లెం దిక్కు చూసుకుంట కూసుంటవా?"

ఆ వానకాలమంతా మేం చేసిన పని అదే. నేను వాక్యాన్ని తెలుగులో పెట్టేదాన్ని, అక్క దాన్ని మా ఊరికి తెచ్చేది. పుస్తకంలో ఒంటరిగా ఉండే ముసలామె ఉంటే, మా దాంట్లో ఒకే పరుపును పగలొకరు రాత్రొకరు వాడుకునే ఇద్దరు కార్మికులు వచ్చారు. ఒకడు లేచి పనికి పోతుంటే ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. ఏళ్ల తరబడి ఒకే ఖోలీలో ఉన్నా ఒకరి గొంతు ఒకరికి సరిగా తెలియదు. వాళ్లలో ఒకడికి జబ్బు చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆ కథ చెప్పింది అక్కే. తయారైన పేజీలను అమ్మ సాంచా నూలుతో కుట్టిపెట్టింది. పైన నీ పేరు రాయనా అని అడిగితే అక్క కసిరింది. "ముందుగాల రాసినోళ్ల పేర్లు రాయి. కింద భివండి అని రాయి. సాలు."

పుస్తకం అయితే తయారైంది కానీ నా గొంతు తయారవలేదు. సమావేశంలో ఆ అధ్యాయం చదివి ఆడవాళ్లతో మాట్లాడించాలని నిర్ణయమైంది. ఆ మాట అనుకున్న రోజునుంచే నేను మధ్యాహ్నాలు డబ్బా ఇచ్చే వంకతో షెడ్డులో ఉండిపోయేదాన్ని. చివరి సాంచా పక్కన గోడకు ఆనుకుని, కాగితాలు పట్టుకుని, గొంతెత్తి చదివేదాన్ని. ఎంత గట్టిగా చదివినా నా మాట నాకే వినపడేది కాదు. ఆ ధైర్యం ఎట్లాంటిదంటే, నేను చేతులు ఊపేదాన్ని, అక్కలా కసిరేదాన్ని, పరుపు కథ దగ్గర ఇద్దరి మాటలూ నేనే చెప్పేదాన్ని. చూస్తే నేనేదో పాఠం బట్టీ పడుతున్నాననుకుంటారులే అని నా నమ్మకం.

ఒకరోజు అలా చదువుతుండగా కరెంటు పోయింది. అది రోజూ కరెంటు కోసే వేళ కాదు. సాంచాలన్నీ ఒక్క ఊపున ఆగిపోయాయి. "...ఏడ నొస్తుందో నాకు చెప్పు తమ్మీ, నేను వింట!" అనే నా కేక రేకుల కప్పుకు తగిలి షెడ్డంతా మోగింది.

నాన్న చేతిలో తెగిన పోగు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. పుట్టి ఇన్నేళ్లయినా నా గొంతు అంత పెద్దగా ఆయన ఎన్నడూ వినలేదు. నాకు కాగితాలు అక్కడే పడేసి పారిపోవాలనిపించింది. కానీ గడప మీద సలోమక్క కూర్చుని ఉంది. కండెలు చుట్టేవాళ్లతో మీటింగు సంగతి మాట్లాడడానికి వచ్చినట్టుంది, ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఆపినవేంది? చదువు," అన్నది. "ఇన్నొద్దులు నీ మూతి చూసి చదువుకున్న. ఇయ్యాల చెవులతోని వింట."

"నీకు... తెలుసా అక్కా?"

దానికి జవాబు నాన్న దగ్గర పనిచేసే రాజయ్య మామ ఇచ్చాడు. "ఆమెకొక్కదానికేంది బిడ్డా, మాకందరికి తెలుసు. రోజు చూస్తనే ఉన్నం. గా పరుపు కథ మంచిగుంది. గని నువ్వు ఎప్పుడు ఆడికచ్చినా పేజి తిప్పి మూతికి అడ్డం పెట్టుకుంటవు. గా జరమొచ్చినోడు బతికిండా, లేదా?"

షెడ్డంతా నవ్వింది. పసితనం నుంచి పెదవులు చూసి మాట తెలుసుకున్నదాన్ని, నా పెదవులు కూడా ఎవరైనా చూస్తారని ఒక్కనాడూ తట్టలేదు నాకు. వినపడకపోతే తెలియదనుకున్నాను, అదీ సాంచాల మధ్య పెరిగి! సిగ్గుతో మొహం కాలిపోతోంది. కానీ ఇంతకాలం వీళ్లందరి ముందే మాట్లాడానన్న సంగతి కూడా అప్పుడే మెల్లగా అర్థమైంది. ఎవరూ నవ్వలేదు, ఆపలేదు. తర్వాతేమైందని ఎదురుచూశారు.

"బతికిండు మామా," అన్నాను. నాన్న పోగు వదిలేసి, తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చున్నాడు. చివరిదాకా చదివాను.

మేడం వచ్చిన రోజు సమావేశం కేంద్రంలో కాకుండా మా షెడ్డులో, కరెంటు కోత వేళకు పెట్టుకున్నాం. ఆడవాళ్లకు చేతులు ఖాళీగా ఉండే సమయం అదొక్కటే. సగం దాకా బాగానే నడిచింది. ఆ రోజు కరెంటు వేళ కాని వేళ రావాలని రాసిపెట్టి ఉంది. పక్క కార్ఖానాల సాంచాలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి, రేకులు వణికాయి. మేడం కలం మూసేసి, ఆపేద్దామా అన్నట్టు చెయ్యి ఎత్తింది. నేను సలోమక్క వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తూ కూర్చుంది. నేను కాగితం మొహానికి అడ్డం లేకుండా కిందికి దించి, మాటను పెదవుల మీద నిదానంగా పలుకుతూ చదవడం సాగించాను. ఆడవాళ్లు పరుపు కథకు నవ్వారు, జ్వరం దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె లేచి, తన మొగుడు ఒకప్పుడు ఉన్న ఖోలీలో జరిగిన సంగతి పెదవులతోనే నాకు చెప్పింది. నేను విన్నాను. బయటికి వచ్చాక మేడం చెవులు రుద్దుకుంటూ మరాఠీలో అన్నది, "సగం నాకు వినపడలేదు. కానీ నువ్వు వాళ్ల మాట విన్నావు, అది చూశాను." పాసయ్యాను. మర్నాడు డబ్బా పట్టుకుని వెళ్తే, నాన్న కరెంటు ఉన్నా ఒక సాంచా ఆపి "ఏం చదువుతున్నవిప్పుడు?" అని అడిగాడు.

కుట్టిన ఆ పుస్తకం తర్వాత చాలా చేతులు తిరిగింది. కల్యాణ్‌లో ఒక అమ్మాయి దాన్ని మరాఠీలోకి మార్చి భివండీ పక్కన పూర్ణ అనే ఊరి గోదాముల్లో పనిచేసే ఆడవాళ్ల కథ కలిపిందట. ఇప్పుడు నా దగ్గర ఒక్క ప్రతే ఉంది, నూలు ఇంకా గట్టిగానే ఉంది. ఆసుపత్రిలో రోగుల ఇళ్లవాళ్లతో మాట్లాడడం నా ఉద్యోగం. ప్రశాంతమైన గది ఇక్కడా దొరకదు. వరండాలో స్ట్రెచర్ల మధ్య నిలబడి వాళ్ల మొహాలు చూస్తాను. గొంతు పూడుకుపోయి మాట బయటికి రానివాళ్లు చెప్పేది కూడా చాలాసార్లు నాకు అందుతుంది. అయినా నా వంతు వచ్చేసరికి మాత్రం ముందు ఆ బట్టల గదికి వెళ్లాల్సిందే.

నా చదువు పూర్తయిన ఏడాదే సలోమక్క వాళ్లమ్మను చూసుకోవడానికి ఊరికి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఒక వానకాలంలో వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, అక్క ఇక లేదన్నాడు. నేను ఆమెను ఆఖరిసారి చూసింది ధామన్కర్ నాకా దగ్గర, సాయంత్రం కరీంనగర్ వైపు వెళ్లే బస్సులో. కిటికీ అద్దం ఇరుక్కుపోయి తెరుచుకోలేదు. బస్సు ఇంజను, ఆటోల హారన్లు, వాటి వెనక ఎప్పటిలాగే సాంచాలు. నేను అద్దం దగ్గర నిలబడి, "నువ్వు లేకుంటె నాకు మాట రాకపోవు అక్కా" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. ఆమెకు అందిందని నాకు తెలుసు, కళ్లు తుడుచుకుంది. బస్సు కదులుతుంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అద్దం వెనక నుంచి పెదవులు నిదానంగా కదిపింది.

"వినవడ్తలేదే పిల్లా. గట్టిగ చెప్పు."